రాస్తే చాలదు, అందాలి

1982లో ఒక వైద్య జర్నల్‌లో చిన్న పేపర్ అచ్చయింది. లైబీరియా ప్రజల రక్తనమూనాలను ఐరోపా శాస్త్రవేత్తలు పరీక్షించగా, కొన్నిట్లో ఎబోలా వైరస్ సోకిన ఆనవాళ్లు కనిపించాయి. ఎబోలా ముప్పు ఉన్న దేశాల్లో లైబీరియానూ లెక్కవేయాలని వాళ్లు స్పష్టంగా రాశారు. మూడు దశాబ్దాల తర్వాత, 2014లో, ఆ దేశాన్ని ఎబోలా ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది లైబీరియా ప్రధాన వైద్యాధికారి బెర్నిస్ డాన్, మరో ఇద్దరితో కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. అలాంటి హెచ్చరిక ఒకటుందని తమ దేశ వైద్యులకు తెలియనే తెలియదని, ఇప్పటికీ అలాంటి ఒక పేపర్ దించుకోవాలంటే 45 డాలర్లు కట్టాలని, అది అక్కడి డాక్టరుకు దాదాపు సగం వారం జీతమని ఆ వ్యాసంలో చెప్పారు.

పేపర్ అందుబాటులో ఉన్నంత మాత్రాన మహమ్మారి ఆగిపోయేదని ఎవరూ అనరు. కానీ అక్కడ పరిశోధన జరిగింది, నిజం తేలింది, అచ్చు కూడా అయింది. ఎవరి రక్తంతో ఆ నిజం తేలిందో వాళ్లకు మాత్రం అందలేదు.

మీరు పీహెచ్‌డీ స్కాలర్ కావచ్చు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ రాత్రిళ్లు పేపర్లు రాసుకుంటూ ఉండవచ్చు. వ్యవసాయం మీదో, చేనేత మీదో, తెలుగు కథ మీదో ఏళ్ల తరబడి శ్రమపడి ఉండవచ్చు. పేపర్ అంగీకరించారన్న మెయిల్ రాగానే పని ముగిసిందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి ఆ రోజు సగం పనే అయింది. మీరు రాసింది అవసరమైనవాళ్లకు అందేలా చూడటం మిగతా సగం. ఆ సగం ఎవరో చేసిపెట్టరు, మీరే చేసుకోవాలి. దానికి పెద్ద డబ్బు అక్కర్లేదు, పెద్ద పలుకుబడీ అక్కర్లేదు. సంతకం పెట్టేముందు కాస్త తెలుసుకుంటే చాలు.

డబ్బు ఎటు తిరుగుతోంది?

ముందు ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో చూడండి. మీ ఫెలోషిప్ ప్రభుత్వం ఇస్తుంది, అంటే ప్రజలిస్తారు. మీరు పేపర్ రాసి జర్నల్‌కు పంపుతారు, అందుకు పారితోషికం ఏమీ ఉండదు. దాన్ని సమీక్షించే ప్రొఫెసర్లు కూడా సాధారణంగా ఉచితంగానే చదివి పెడతారు. ఆ తర్వాత కాపీరైట్ ప్రచురణకర్తకు రాసిస్తారు. చివరికి అదే పేపర్ చదవడానికి మీ విశ్వవిద్యాలయం చందా కడుతుంది. సొంత పొలంలో పండించిన ధాన్యాన్ని ఊరికే ఇచ్చి, మళ్లీ డబ్బు పోసి కొనుక్కోవడం లాంటిదే ఇది.

ఈ భారం పేద దేశాలదే అనుకోకండి. 2012 ఏప్రిల్‌లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమే చేతులెత్తేసింది. కొన్ని పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లకు ఏటా దాదాపు 37 లక్షల 50 వేల డాలర్లు కట్టాల్సి వస్తోందని, కొన్ని జర్నళ్ల చందా ఒక్కొక్కటి 40 వేల డాలర్ల దాకా ఉందని, ఇది ఇక సాగదని అక్కడి గ్రంథాలయ సలహా సంఘం అధ్యాపకులకు లేఖ రాసింది. ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నళ్లకు పేపర్లు పంపమని కోరింది.

దానికి పదేళ్ల ముందే, 2002 ఫిబ్రవరి 14న, బుడాపెస్ట్ ప్రకటన వెలువడింది. ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా పరిశోధనను ఉచితంగా చదవాలి, దించుకోవాలి, పంచుకోవాలి, రాసినవారికి దక్కాల్సిన గుర్తింపు మాత్రం దక్కాలి అన్నది దాని సారం. మనం ఇవాళ ఓపెన్ యాక్సెస్ అంటున్నది ఇదే.

మీ ముందున్న నాలుగు దారులు

మొదటిది గ్రీన్ దారి. మీకు నచ్చిన జర్నల్‌కే పేపర్ పంపుతారు. సమీక్ష పూర్తయి, దిద్దుబాట్లన్నీ అయ్యాక మీ దగ్గర మిగిలే వర్డ్ ఫైలును అంగీకృత ప్రతి అంటారు. దాన్ని మీ సంస్థ పేపర్లను అందరికీ ఉచితంగా చదవనిచ్చే ఆన్‌లైన్ భాండాగారంలో, అంటే రిపాజిటరీలో పెడతారు. పైసా ఖర్చు లేదు. చాలా జర్నళ్లు ఇందుకు ఒప్పుకుంటాయి. కొన్ని ఆరు నెలలో, ఏడాదో ఆగమంటాయి. ఈ దారి మనకు కొత్తేమీ కాదు. బెంగళూరు ఐఐఎస్సీ 2002లోనే ఇలాంటి రిపాజిటరీ తెరిచింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2009లోనే తన శాస్త్రవేత్తలందరూ పేపర్లను ఇలా జమచేయాలని నియమం పెట్టుకుంది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ, సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగాలు 2014 డిసెంబరులో ఇదే విధానం ప్రకటించాయి. వాటి నిధులతో పని చేసి ఉంటే పేపర్ జమచేయడం మీ బాధ్యత కూడా.

రెండోది గోల్డ్ దారి. జర్నల్ వెబ్‌సైట్‌లోనే పేపర్ అందరికీ ఉచితం. చాలా చోట్ల ప్రచురణ ఖర్చును రచయిత నుంచి రుసుముగా తీసుకుంటారు. దాన్నే ఏపీసీ అంటారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. 2021లో నేచర్ పత్రిక ఈ దారి తెరిచినప్పుడు పెట్టిన రుసుము 9,500 యూరోలు. అప్పటి మారకంలో ఎనిమిది లక్షల రూపాయల పైమాటే. పాఠకుడి ముందున్న గోడను తీసుకొచ్చి రచయిత ముందు కట్టినట్టయింది. మీ జీతంలోంచో, ఫెలోషిప్‌లోంచో ఈ రుసుము కట్టకండి. ప్రాజెక్టు నిధుల్లో దానికి పద్దు ఉంటే సరే. లేకుంటే జర్నల్‌కు రాయితీ అడగండి. చాలా జర్నళ్లకు రాయితీ విధానం ఉంటుంది, కానీ పేపర్ పంపేటప్పుడే అడగాలి. అంగీకరించాక అడిగితే లాభం ఉండకపోవచ్చు.

మూడోది డైమండ్ దారి. చదివేవాళ్లూ కట్టక్కర్లేదు, రాసేవాళ్లూ కట్టక్కర్లేదు. విద్వత్సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ఖర్చు భరిస్తాయి. బ్రెజిల్‌లో 1998లో మొదలైన సైలో ఇలాగే ప్రజాధనంతో లాటిన్ అమెరికా జర్నళ్లను ప్రపంచం ముందు పెట్టింది. మన దేశంలో సి.వి.రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన జర్నళ్లను సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవనిస్తోంది. ఖరీదైన జర్నల్‌లో వస్తేనే గొప్ప అన్న భ్రమను కాస్త పక్కనపెట్టి, మీ రంగంలో ఇలాంటి జర్నళ్లు ఏమున్నాయో ముందు వెతకండి. నా సలహాల్లో దీనికే మొదటి పీట.

నాలుగోది ప్రీప్రింట్ దారి. సమీక్షకు ముందే పేపర్‌ను బహిరంగంగా పెట్టేయడం. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త అమెరికాలోని లాస్ ఆలమోస్‌లో ఆర్కైవ్ అనే సర్వర్ మొదలుపెట్టారు. 2002, 2003 సంవత్సరాల్లో రష్యా గణితవేత్త గ్రిగొరీ పెరెల్మాన్ వందేళ్లుగా తెగని పాయింకరే సమస్యకు పరిష్కారాన్ని మూడు పేపర్లుగా అక్కడే పెట్టారు. ఏ జర్నల్‌కూ పంపలేదు. ప్రపంచంలోని గణితవేత్తలే కూర్చుని ఏళ్ల తరబడి సరిచూశారు. 2006లో ఆయనకు ఫీల్డ్స్ పతకం ప్రకటించారు, ఆయన తీసుకోలేదు. అందరూ పెరెల్మాన్‌లు కాలేరు గానీ, ప్రీప్రింట్ వల్ల ప్రతి స్కాలర్‌కూ ఒక మేలుంది. మీ ఆలోచన ఏ తేదీన మీదో లోకానికి రుజువు ఉంటుంది. జీవశాస్త్రానికి 2013లో బయోఆర్కైవ్, వైద్యానికి 2019లో మెడ్‌ఆర్కైవ్ వచ్చాయి. వైద్య విషయాల్లో మాత్రం సమీక్ష కాని పేపర్‌ను జనం నిర్ధారిత సత్యంగా తీసుకునే ప్రమాదముంది. సమీక్ష ఇంకా జరగలేదని మొదటి పేజీలోనే స్పష్టంగా రాయండి.

వీటి తర్వాత వచ్చిన ప్రయోగాలూ తెలుసుకోదగ్గవే. ఈలైఫ్ అనే జర్నల్ 2023 నుంచి సమీక్ష తర్వాత 'అంగీకరించాం, తిరస్కరించాం' అనడం మానేసింది. సమీక్షకు తీసుకున్న పేపర్‌ను సమీక్షకుల అభిప్రాయాలతో సహా ప్రచురిస్తుంది. సమీక్షకుడు ఏమన్నాడో, రచయిత ఏం జవాబిచ్చాడో పాఠకుడే చదువుకోవచ్చు. కొత్త స్కాలర్లకు ఇది మంచి పాఠం. విమర్శను ఎలా స్వీకరించాలో, ఎలా దీటుగా జవాబు చెప్పాలో ఆ పేజీల్లో కనిపిస్తుంది.

సంతకానికి ముందు మూడు పనులు

పేపర్ అంగీకరించాక ఒక ఒప్పందం వస్తుంది. సంతోషంలో చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' మీద నొక్కేస్తాం. ఆ క్షణం దాకా హక్కులన్నీ మీవే. ఆ తర్వాత ఏం మిగులుతుందో ఆ కాగితమే నిర్ణయిస్తుంది. అందుకే మూడు పనులు చేయండి.

మొదటిది, జర్నల్‌ను ఎంచుకునేటప్పుడే దాని నిబంధన చూడండి. ఏ జర్నల్ ఏ ప్రతిని, ఎక్కడ, ఎప్పుడు పెట్టుకోనిస్తుందో షెర్పా రోమియో పేరుతో మొదలైన సేవలో ఉచితంగా తెలుసుకోవచ్చు. బ్రిటన్‌కు చెందిన జిస్క్ సంస్థ దాన్ని నడుపుతోంది.

రెండోది, మూడు ప్రతులనూ విడివిడిగా దాచుకోండి. జర్నల్‌కు పంపిన తొలి ప్రతి, సమీక్ష తర్వాతి అంగీకృత ప్రతి, జర్నల్ అందంగా అచ్చువేసిన తుది పీడీఎఫ్. బయట పెట్టుకోవడానికి ఎక్కువ జర్నళ్లు ఒప్పుకునేది మొదటి రెండింటికే. చాలామంది రెండోదాన్ని పోగొట్టుకుని, తుది పీడీఎఫ్‌ను రీసెర్చ్‌గేట్ అనే పరిశోధకుల సైటులో పెట్టి ఒప్పందం తప్పుతారు. అంగీకార మెయిల్ వచ్చిన రోజే ఆ ఫైలును తేదీతో సహా వేరే ఫోల్డర్‌లో భద్రపరచండి.

మూడోది, అడగండి. నిబంధన స్పష్టంగా లేకపోతే ఎడిటర్‌కు మర్యాదగా ఒక మెయిల్ రాయండి: 'అంగీకృత ప్రతిని మా విశ్వవిద్యాలయ రిపాజిటరీలో, మూల పేపర్ లింకుతో సహా ఉంచుకోదలిచాను. ఒప్పందంలో అందుకు వీలు కల్పించగలరు.' అడిగినందుకు పేపర్ వెనక్కి ఇచ్చేస్తారని భయపడకండి. ఎడిటర్లకు ఇలాంటి మెయిళ్లు అలవాటే. కాదంటే మీరు పోగొట్టుకునేదేమీ లేదు. అవునంటే మీ పేపర్ అందరిదీ అవుతుంది.

గైడ్‌తో ఈ మాట ఎలా ఎత్తాలో తెలియక కొందరు వెనకాడతారు. 'సార్, ఈ జర్నల్‌కే పంపుదాం. అంగీకృత ప్రతి రిపాజిటరీలో పెట్టుకోవడానికి వీళ్లు ఒప్పుకుంటారు. పెడితే మన పేపర్ ఎక్కువమంది చదువుతారు, మీరు అనుమతిస్తే ఆ పని నేను చూసుకుంటాను' అనండి. పేపర్‌లో పేరున్న పెద్దలందరికీ ముందే చెప్పడం మర్యాద, అవసరం కూడా.

గోల్డ్, డైమండ్ జర్నళ్లలో లైసెన్స్ ఎంచుకోమంటారు. సీసీ బై అంటే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చి పంచకూడదు, అంటే మీ పేపర్‌ను తెలుగులోకి తర్జుమా చేసి ప్రచురించాలన్నా మీ అనుమతి కావాలి. మీ పరిశోధన పాఠశాల టీచరుకూ, వికీపీడియా రాసే కుర్రాడికీ పనికిరావాలనుకుంటే సీసీ బై ఎంచుకోండి.

మీ తొందరే వాళ్ల పెట్టుబడి

రచయిత డబ్బు కడతాడని తెలిశాక మోసగాళ్లు రాకుండా ఉంటారా? 2013లో సైన్స్ పత్రిక కోసం జాన్ బొహానన్ అనే విలేఖరి ఒక పరీక్ష పెట్టారు. కళ్లకు కనిపించే తప్పులతో క్యాన్సర్ మందు గురించి ఒక దొంగ పేపర్ తయారుచేసి, రుసుము తీసుకునే 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపారు. 157 జర్నళ్లు అంగీకరించాయి.

ఈ వ్యవహారంలో మన ఊరి పేరూ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష చేశామని చెప్పి చేయకపోవడం, రుసుము సంగతి ముందు చెప్పకపోవడం, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు వాడుకోవడం దాని మీద వచ్చిన ఆరోపణలు. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది.

అలాగని ఓపెన్ యాక్సెస్ అంటేనే మోసం అనుకోవడం పొరపాటు. మోసానికి ఊతం మన తొందర. ప్రమోషన్‌కు పాయింట్లు కావాలి, థీసిస్ సబ్మిట్ చేసే గడువు దగ్గరపడింది, అప్పుడే 'వారంలో ప్రచురణ' అన్న మెయిల్ వస్తుంది. ఇదివరకు నమ్మదగిన జర్నళ్లతో యూజీసీ కేర్ జాబితా ఉండేది, అందులో పేరుంటే చాలనుకునేవాళ్లం. 2025లో యూజీసీ దాన్ని ఆపేసింది. ఇక మంచిచెడులు చూసుకోవాల్సింది మనమే. ఈ ప్రశ్నలు వేసుకోండి:

- నేను, నా గైడ్, నా శాఖలో ఇంకెవరైనా ఈ జర్నల్‌లోని పేపర్ ఒక్కటైనా నిజంగా చదివామా?
- సంపాదక వర్గంలోని ప్రొఫెసర్ తన సొంత విశ్వవిద్యాలయ పేజీలో ఈ జర్నల్ పేరు చెప్పుకున్నారా?
- రుసుము ఎంతో పేపర్ పంపకముందే స్పష్టంగా రాశారా?
- రోజుల్లోనే అంగీకారం అంటున్నారా? నిజమైన సమీక్షకు సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది.
- డీఓఏజే జాబితాలో ఈ జర్నల్ ఉందా? 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ జాబితా ఓపెన్ యాక్సెస్ జర్నళ్లను పరిశీలించాకే చేర్చుకుంటుంది.

ఒక్క ప్రశ్నకు జవాబు తేడాగా అనిపించినా ఆగండి. చెడ్డ జర్నల్‌లో వేసిన మంచి పేపర్‌ను తర్వాత మంచి జర్నల్‌కు పంపే వీలుండదు. మీ ఏళ్ల శ్రమను అక్కడ పారేసుకోకండి.

చదవడానికి దొడ్డిదారి అక్కర్లేదు

పేపర్లు దొరకక చాలామంది, ప్రచురణకర్తల అనుమతి లేకుండా వాటిని ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైటు మీద ఆధారపడ్డారు. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో మన దేశంలో దాన్ని నిలిపేశారు. దాంతో దారులన్నీ మూసుకుపోయాయని దిగులుపడకండి.

మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయమో, ప్రభుత్వ కాలేజీయో అయితే ముందు లైబ్రేరియన్‌ను కలవండి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కూ ఐఐటీ ప్రొఫెసర్ చదివే జర్నల్ అందుతుంది. మీ లాగిన్ తీసుకున్నారా? తీసుకోకపోతే రేపే తీసుకోండి.

ఈ పథకం మేలు చిన్నది కాదు, కానీ అది చందా పథకమే. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు అందులో లేవు. పల్లెలో ప్రాక్టీసు చేసే డాక్టరు, రైతు సంఘం కార్యకర్త, ఉద్యోగం వదిలేసి సొంతంగా చరిత్ర రాసుకునే మనిషి అందులో లేరు. వాళ్లకు మీ పేపర్ చేరాలంటే మీరు తెరిచి పెట్టాల్సిందే.

లాగిన్ లేనివాళ్లకు ఇంకా దారులున్నాయి. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఉచిత పనిముట్టు పెట్టుకుంటే, మీరు చూస్తున్న పేపర్‌కు చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడుందో చూపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో ఒక పేపర్ కింద కనిపించే ఇతర ప్రతుల లింకు నొక్కితే చాలాసార్లు రిపాజిటరీ ప్రతి దొరుకుతుంది. వైద్యానికి పబ్‌మెడ్ సెంట్రల్ ఉంది. మన దేశపు థీసిస్‌ల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగ ఉంది. ఏదీ దొరక్కపోతే రచయితకే రెండు వాక్యాల మెయిల్ రాయండి. తన పేపర్ చదవాలని ఒకరు అడిగారంటే ఏ పరిశోధకుడికైనా సంతోషమే.

తెలుగులో ఒక పేజీ

ఇంగ్లీషు పేపర్‌ను ఉచితంగా పెట్టినా, దాని అవసరమున్న వ్యక్తికి ఇంగ్లీషు రాకపోతే అది అందనట్టే. అనంతపురం వేరుశనగ మీద పరిశోధన చేశారా? నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద చేశారా? పోచంపల్లి మగ్గం మీద చేశారా? మీకు సమాధానాలు చెప్పినవాళ్లు, నమూనాలు ఇచ్చినవాళ్లు, తమ ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చినవాళ్లు తెలుగువాళ్లు. వాళ్లకు మీరు బాకీ ఉన్నారు.

ప్రతి పేపర్‌కూ తెలుగులో ఒక పేజీ సారాంశం రాయండి. ఏం అడిగాం, ఎలా వెతికాం, ఏం తేలింది, ఏం తేలలేదు, దీనివల్ల ఎవరికి ఏం ఉపయోగం. అంతే. దాన్ని జెనోడోలో పెట్టండి. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న ఉచిత రిపాజిటరీ ఇది. ఏ దేశం వారైనా, ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు. పెట్టిన ప్రతి రచనకూ డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఇస్తుంది. ఆ లింకును ఊళ్లోవాళ్ల వాట్సాప్ గ్రూపుకు పంపండి. వాళ్లు అడిగే ప్రశ్నల్లోంచి మీ తర్వాతి పేపర్ పుట్టవచ్చు.

ఈ వారం చేయాల్సిన పనులు

సోమవారం ఆర్కిడ్ సంఖ్య తీసుకోండి. ఇది 16 అంకెల ఉచిత గుర్తింపు. మీ పేరే ఉన్న మరో పదిమంది మధ్య మీ పేపర్లు మీవేనని తేల్చేది ఇదే.

మంగళవారం ఇప్పటిదాకా అచ్చయిన మీ పేపర్ల జాబితా రాసి, ఒక్కోదాని పక్కన అంగీకృత ప్రతి మీ దగ్గరుందో లేదో గుర్తు పెట్టండి.

బుధవారం ఆ జర్నళ్ల నిబంధనలు చూడండి. ఏవి ఇప్పుడే తెరవవచ్చో తేల్చుకోండి.

గురువారం లైబ్రేరియన్‌ను కలవండి. మీ సంస్థకు రిపాజిటరీ ఉందా అని అడగండి. ఉంటే ఎలా పెట్టాలో నేర్చుకోండి. లేకపోతే జెనోడో ఉండనే ఉంది.

శుక్రవారం ఒక్క పేపర్ తెరవండి. ఒక్కటి చాలు.

శనివారం దానికి తెలుగు సారాంశం రాయండి. ఆదివారం దాన్ని మీ ఇంట్లో పరిశోధన అంటే ఏమిటో తెలియని ఒకరికి చదివి వినిపించండి. అర్థం కాలేదన్న చోట మళ్లీ రాయండి.

ఒక పేపర్‌తో ఈ వారం గడిచాక మిగతావి సులువవుతాయి. ఆ తర్వాత రాసే ప్రతి పేపర్‌కూ జర్నల్ పేరుతో పాటు 'ఇది ఎవరికి అందాలి?' అన్న ప్రశ్నను కూడా మొదటి రోజే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎక్కడ ప్రచురించాలో, ఏ లైసెన్స్ ఎంచుకోవాలో, ఏ భాషలో సారాంశం రాయాలో ఆ జవాబే నిర్ణయిస్తుంది. ప్రజల సొమ్ముతో, ప్రజల సహకారంతో సంపాదించిన జ్ఞానాన్ని ప్రజలకు అందించడం దయ కాదు, పరిశోధకుడి ధర్మం. ఆ ధర్మం నెరవేర్చడానికి కావాల్సిన సాధనాలన్నీ ఇవాళ మీ చేతిలో ఉన్నాయి. వాడండి.